బి షిఫ్టు కుట్లు

భాగ్యరేఖ ఆ ఒక్క ప్రశ్న హిందీలో అడిగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

మంగళవారం సాయంత్రం నాలుగున్నర. ఉక్కు ప్లాంటు పక్కన క్యాంప్ 2 బస్తీలో ఒంటిగది ఇల్లు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో మనోజ్‌కుమార్ కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళవాడు, ఐటీఐలో వెల్డింగు నేర్చుకున్నాడు, రెండేళ్ళుగా పోలీసులు నడిపే బాక్సింగు క్లాసుకి వెళుతున్నాడు. ఆ క్లాసు వల్ల బస్తీలో కత్తి గొడవలు తగ్గాయా లేదా అని తేల్చడం భాగ్యరేఖ పని. రాయపూర్‌లోని ఒక చిన్న సర్వే సంస్థ ఆమెని పంపింది. శుక్రవారం పదకొండింటికి దుర్గ్‌లో పోలీసు అధికారుల ముందు రిపోర్టు పెట్టాలి. రిపోర్టు బాగుంటే క్లాసు నడుస్తుంది, ఇంకో ఐదు బస్తీల్లో తెరుస్తారు. బాగోకపోతే మైదానానికి తాళం పడుతుంది.

గది మూలన గ్యాస్ పొయ్యి దగ్గర మనోజ్ నాన్నమ్మ పోలమ్మ పప్పుకి తాలింపు వేస్తోంది. తల్లీతండ్రీ లేని మనవణ్ణి పెంచింది ఆమే. నలభై ఏళ్ళ కిందట శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పోలమ్మకి కూరలు బేరమాడేంత హిందీ వచ్చు. కుర్రాళ్ళు గడగడా మాట్లాడే హిందీ మాత్రం చెవికెక్కదు. క్యాంప్‌లోని తెలుగిళ్ళన్నిటా ఇదే పద్ధతి. పెద్దవాళ్ళకి తెలియకూడనిది ఏదైనా ఉంటే పిల్లలు హిందీలోకి దూకుతారు. గది ఒక్కటే ఉన్న ఇంట్లో తలుపూ గొళ్ళెం అన్నీ హిందీయే.

ఈ సంగతి భాగ్యరేఖకి తెలియనిది కాదు. ఇదే ఊళ్ళో, ప్లాంటు క్వార్టర్‌లో పుట్టి పెరిగిన మనిషి. చిన్నప్పుడు తమ్ముడితో కలిసి అమ్మ ముందే హిందీలో సినిమా ప్లాన్లు వేసిన మనిషి. అందుకే నలభై నిమిషాలుగా ప్రశ్నలన్నీ హిందీలోనే అడుగుతోంది. కానీ ఇంగువ వాసన ముక్కుకి తగిలింది, పోలమ్మ "తిని ఎల్దువుగాని అమ్మా" అంది, అంతే. నాలుక దారి తప్పింది.

మనోజ్ నీళ్ళ గ్లాసు అందుకోబోతుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది. మోచేతి దగ్గర మొదలై మణికట్టు దాకా ఒకే గీత. అటూ ఇటూ కుట్ల గుర్తులు. పదకొండు కుట్లు.

"చేతికి ఏటయింది తమ్ముడూ? కత్తి కోతలా ఉందే!"

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది.

"నహీ దీదీ, బైక్ సే గిరా థా," అన్నాడు మనోజ్ చొక్కా గబుక్కున కిందకి లాక్కుంటూ. బండి మీంచి పడ్డాననే మాట నోరు చెబుతోంది, ఊరుకోమని కళ్ళు బతిమాలుతున్నాయి.

అప్పటికే పోలమ్మ లేచి వచ్చింది. మనవడి చెయ్యి పట్టుకుని చొక్కా పైకి తోసింది. గీత వెంబడి వేలితో రాసింది.

"బండి మీంచి పడితే గీరుకుపోతాది. ఇది గీసినట్టుంది. ఎవుడ్రా?"

"ఛోడ్ నా నాన్నమ్మా..." వదిలెయ్యమంటూ మనోజ్ చెయ్యి లాక్కోబోయాడు.

"తెలుగులో సెప్పు!"

మనోజ్ ఏ భాషలోనూ చెప్పలేదు. పోలమ్మ భాగ్యరేఖ వైపు తిరిగింది. "నువ్వు సదువుకున్నదానివి. నువ్వు సెప్పు. ఇది కత్తేనా?"

భాగ్యరేఖ చూపు దించుకుని కాగితాలు సర్దుకుంది. పోలమ్మకి ఆ జవాబు చాలింది.

* * *

లాడ్జి గదికి వచ్చీ రాగానే భాగ్యరేఖ స్టేషను వాళ్ళిచ్చిన జాబితా తెరిచింది.

క్లాసు మొదలవకముందు ఏడాదిలో ఆ బస్తీలో కత్తి కేసులు నలభై ఒకటి. గడిచిన పన్నెండు నెలల్లో తొమ్మిది. ఆ తొమ్మిదీ తారీఖులతో సహా రెండుసార్లు చదివింది. మనోజ్ కోత వయసు నెలకి మించి ఉండదు. ఆ నెలలో ఒక్క కేసూ లేదు.

ఆమెకి మొదటినుంచీ అనుమానంగానే ఉంది. మైదానంలో యాభై ఎనిమిది మంది కుర్రాళ్ళని అడిగితే యాభై ఎనిమిది మందీ "బహుత్ అచ్ఛా హై" అన్నారు. అడుగుతున్నంతసేపూ క్లాసు నడిపే హెడ్ కానిస్టేబుల్ నరసింగరావు మెడలో ఈల వేసుకుని పది అడుగుల దూరంలో నిలబడ్డాడు మరి. అందుకే పేర్లు ఎక్కడా చెప్పనని మాటిచ్చి ఇళ్ళకి వెళ్ళి అడగడం మొదలుపెట్టింది.

రాయపూర్‌కి ఫోన్ చేసింది. సంస్థ యజమాని పార్థసారథి హుషారుగా ఉన్నాడు.

"నలభై ఒకటి నుంచి తొమ్మిది! ఇంకేం కావాలమ్మా? గ్రాఫు గీసి పెట్టెయ్."

"క్లాసు నడిపేదీ వాళ్ళే, కేసులు రాసేదీ వాళ్ళే సార్. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టుంది."

"దిద్దుకోనీ. మార్కులు బాగా వచ్చాయిగా!"

"కేసు కాని కోత ఒకటి ఇవాళ నా కళ్ళతో చూశాను."

అవతల హుషారు తగ్గింది. "ఒకటేగా. రిపోర్టు శుక్రవారం. గుర్తుందా?"

ఒకటేనా? అది తేల్చుకోకపోతే ఆమెకి అన్నం సహించేలా లేదు. ఆ పదకొండు కుట్లూ సమానమైన ఎడంతో పడ్డాయి. చెయ్యి తిరిగిన మనిషి వేసిన కుట్లు. పోలీసుల దగ్గరికి వెళ్ళని కోత ఎవరో ఒకరి సూది దగ్గరికి వెళ్ళి తీరాలి. ఆ సూది ఎవరిదో పట్టుకోవాలి.

* * *

బుధవారం పొద్దున్న మూడు టీ కొట్లలో అడిగితే మూడు చోట్లా ఒకే పేరు చెప్పారు. చిన్నారావు.

డెబ్బై దాటిన మనిషి. ప్లాంటు డ్రెస్సింగు రూములో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఇంటి ముందు గదిలో ఒక బెంచీ, ఒక స్టీలు డబ్బా, మరిగే నీళ్ళు. బోర్డు లేదు. తలుపు మీద ఎర్ర రంగుతో కూడిక గుర్తు మాత్రం ఉంది.

"నువ్వు పోలీసుల తరపునా, కుర్రోళ్ళ తరపునా?" అన్నాడు ఆమెని చూడగానే.

"లెక్క తరపున, బాబాయ్."

"అలాటి తరపు కూడా ఒకటుందేటి?" అని నవ్వి కుర్చీ తుడిచాడు. "ఏ సెక్టారు మీది? నాన్నేటి పని?"

"కోక్ ఓవెన్స్ సెక్షన్లో చేసేవారు. గురుమూర్తి గారి అమ్మాయిని."

"గురుమూర్తి కూతురివా! మీ నాన్న ఎడం కాలికి నానే కుట్లేశాను. తొంభై ఏడులో. ఏడు కుట్లు, ఎ షిఫ్టు."

భాగ్యరేఖ తెల్లబోయింది. నాన్న కాలి మీది మచ్చ నిజమే. కానీ ఎవరికైనా షిఫ్టుతో సహా గుర్తుంటుందా?

"గుర్తేటి, రాసుకుంటాను కదా," అన్నాడు చిన్నారావు. "ప్లాంటులో అదే రూలు. వేలు తెగినా కాలు కాలినా ముందు పుస్తకంలో ఎక్కాలి, తర్వాతే దూది. తారీఖు, షిఫ్టు, ఎక్కడ తగిలింది, దేంతో తగిలింది, ఎన్ని కుట్లు. రిటైరయ్యేక కూడా చెయ్యి ఊరుకోలేదు."

స్టీలు డబ్బా కింద నుంచి పొడుగాటి పుస్తకాలు మూడు తీశాడు. ప్లాంటు రిజిస్టరులాగే గడులు గీసి ఉన్నాయి. ఎ అంటే పొద్దుట ఆరు నుంచి రెండు, బి అంటే రెండు నుంచి రాత్రి పది, సి అంటే పది నుంచి తెల్లవారి ఆరు. చెయ్యి, భుజం, తొడ. కత్తి, బ్లేడు, సీసా. పేర్ల గడి ఒక్కటే లేదు.

"పేర్లు రాయరా బాబాయ్?"

"పేరు రాస్తే ఇయ్యాల నువ్వొస్తావు, రేపు పోలీసులొస్తారు, ఎల్లుండి నుంచి కుర్రోళ్ళు రారు. ఆ తర్వాత రోజు కోత చీము పడతాది. నాను కుట్టేవోణ్ణమ్మా. నాకు చెయ్యి చాలు, పేరెందుకు?"

భాగ్యరేఖ మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని మూడేళ్ళ పుస్తకాలూ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. మధ్యలో చిన్నారావు ఇద్దరికి కట్లు కట్టాడు, ఒకణ్ణి తిట్టాడు, ఆమెకి రెండుసార్లు టీ పోశాడు. రెండున్నరకి అంకెలు తెర మీద నిలబడ్డాయి.

క్లాసు లేని ఏడాదిలో కత్తి కోతలు తొంభై ఆరు. గడిచిన పన్నెండు నెలల్లో అరవై నాలుగు.

తొమ్మిది కాదు. అరవై నాలుగు!

స్టేషను లెక్క అబద్ధం. కానీ తగ్గిన మాటా నిజమే. అసలు విషయం షిఫ్టుల గడిలో ఉంది. పొద్దుటి కోతలు అప్పుడు పదకొండు, ఇప్పుడూ పదకొండే. రాత్రివి ముప్పై మూడు, ఇప్పుడు ముప్పై నాలుగు. మారింది బి షిఫ్టు ఒక్కటే. యాభై రెండు నుంచి పందొమ్మిదికి దిగింది. మైదానంలో క్లాసు జరిగేది సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా.

ఆ పందొమ్మిదిలో ఎనిమిది ఒకే చోట గుంపుగా ఉన్నాయి. ఇరవై రెండు రోజుల్లో ఎనిమిది. ఆ రోజుల్లో ఏం జరిగింది?

"ఎలక్షన్లు," అన్నాడు చిన్నారావు. "నరసింగరావుని బస్తర్ బందోబస్తుకి పంపేరు. మైదానానికి తాళం ఏసీసేరు. నా బెంచీ ఖాళీ లేదు."

ఆ ఎనిమిదిలో ఆఖరిది ముంజేయి, కత్తి, పదకొండు కుట్లు.

* * *

గురువారం సాయంత్రం మైదానానికి వెళ్ళేసరికి హెడ్ కానిస్టేబుల్ నరసింగరావు రెండు చేతులకీ ప్యాడ్లు తొడుక్కుని ఒక కుర్రాడి గుద్దులు కాస్తున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి. ముక్కు ఎప్పుడో విరిగి ఒక పక్కకి ఒరిగింది. క్యాంప్ 2లోనే పుట్టాడు, పోలీసుల తరపున బాక్సింగు ఆడాడు, ప్రమోషన్ అడగకుండా ఇక్కడే ఉండిపోయాడు.

"నరసింగరావు గారూ, పన్నెండు నెలల్లో అరవై నాలుగు కోతలు. మీ స్టేషన్లో తొమ్మిది కేసులు. మిగతా యాభై ఐదు ఎక్కడున్నాయి?"

ప్యాడ్లు ఒక్క క్షణం ఆగాయి. గుద్దు సూటిగా వచ్చి భుజానికి తగిలింది.

"పానీ పీ లే," అని కుర్రాణ్ణి నీళ్ళకి పంపేసి అతను నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చున్నాడు. దబాయించలేదు. ఎవరు చెప్పారని అడగలేదు.

"ఆ తొమ్మిదీ పెద్దవమ్మా. పొట్టలో దిగినవి, వేళ్ళు పోయినవి. అవి రాశాను. మిగతావి ఇద్దర్నీ ఇక్కడే కూర్చోబెట్టి తేల్చాను."

"చట్టం అలా చెప్పలేదు కదా."

"చెప్పలేదు. గేట్ పాస్ గురించి కూడా చట్టం ఏటీ చెప్పలేదు." ప్యాడ్ల తాళ్ళు విప్పుతూ అన్నాడు. "ప్లాంటులో కాంట్రాక్టు పనికి పోవాలంటే గేట్ పాస్ ఉండాలి. పాస్ కావాలంటే స్టేషను నుంచి వెరిఫికేషన్ వెళ్ళాలి. ఆ కాగితంలో చూసేది ఒక్కటే. ఈ మనిషి మీద కేసు ఉందా, లేదా. ఉంటే గేటు బయటే. ఆరేళ్ళ కిందట ఒకడి మీద కేసు రాశాను. చిన్న గీత, నాలుగు కుట్లు. నా చేత్తోనే రాశాను. గేట్ పాస్ రాలేదు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. రెండో కేసు నాలుగు కుట్లది కాదు."

"మరి కోత తిన్నవాడి మాటేమిటి? కోసినవాడు రోజూ ఎదురుగా గ్లవ్స్ వేసుకుని తిరుగుతుంటే?"

నరసింగరావు ప్యాడ్లు పక్కన పెట్టి మైదానం అవతలికి చూపు తిప్పాడు.

మైదానం అవతలి కొసన మనోజ్ తాడు దూకుతున్నాడు. నాలుగు గజాల దూరంలో సన్నటి కుర్రాడొకడు ఇసక సంచిని గుద్దుతున్నాడు.

"ఆడే. చినబాబు," అన్నాడు నరసింగరావు. "నేను బస్తర్‌లో ఉండగా ఫోన్ పగిలిందని గొడవపడ్డారు. చినబాబు కత్తి తీశాడు. వీడు కుర్చీ ఎత్తాడు, ఆడి తల పగిలింది. వచ్చేక ఇద్దర్నీ కూర్చోబెట్టాను. మనోజే అన్నాడు, కేసు ఒద్దు భయ్యా అని. ఇది కేసయితే అటునుంచి కౌంటర్ కేసు వస్తాది. సోమవారం మనోజ్ వెరిఫికేషన్ వెళ్ళాలి."

"అయితే పెద్దవాళ్ళెవరికీ వాడి పేరు తెలియదుగా?"

"నిన్నటిదాకా తెలీదు. పోలమ్మ పిన్ని నిన్న ఇల్లిల్లూ తిరిగి పేరు లాగీసింది. రేపు దుర్గ్ వెళ్ళి పెద్దాఫీసర్ల చేతికే కాగితం ఇస్తానంది. నా మాట వినదు. కోసినోణ్ణి దాచినవోణ్ణి కదా."

"ఆవిడకి అసలు కోత సంగతి..." అని భాగ్యరేఖ మధ్యలోనే ఆగిపోయింది.

"మీరే కదమ్మా చెప్పింది," అన్నాడతను. మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

కొలవడానికి వచ్చింది. తాకకుండా కొలవాలి. అదే మొదటి పాఠం. కానీ తన ఒక్క ప్రశ్నతో ఒక కుర్రాడి బతుకు సోమవారం లోపల తలకిందులయ్యేలా ఉంది.

* * *

శుక్రవారం పదిన్నర. దుర్గ్‌లో ఆఫీసు వరండా.

బెంచీ మీద పోలమ్మ ఒక్కత్తే కూర్చుని ఉంది. ఉతికిన చీర, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఒక కాగితం. భాగ్యరేఖని చూసి మొహం తిప్పుకోలేదు. పక్కకి జరిగి చోటిచ్చింది.

"కోర్టు కాడ టైపుమిసను అబ్బాయి రాసినాడు. నాను సెప్పిందే రాసినాడో, ఆడికి తోసింది రాసినాడో నాకేటి తెల్సు? హిందీలో ఉంది. నువ్వు సదివి తెలుగులో సెప్పు. అప్పుడు లోనకెళ్ళి ఇస్తాను."

కాగితం భాగ్యరేఖ చేతిలోకి వచ్చింది.

ఎంత సులువు! ఒక్క మాట అబద్ధం చెబితే చాలు. తారీఖు తప్పుగా ఉందమ్మా, మళ్ళీ రాయించాలి అంటే చాలు. ఇవాళ శుక్రవారం, శని ఆదివారాలు సెలవు, సోమవారం పొద్దున్నే వెరిఫికేషన్ వెళ్ళిపోతుంది. మనోజ్ గేటు లోపల ఉంటాడు. పోలమ్మ ఎదురుచూస్తోంది. తన ఇంట్లో తనకి అర్థం కాని భాషలో నెల రోజులు అబద్ధం విన్న మనిషి.

భాగ్యరేఖ మొదటి వాక్యం నుంచి ఆఖరి సంతకం గీత దాకా చదివింది. ఒక్క ముక్క వదల్లేదు. చినబాబు పేరు, కత్తి, పదకొండు కుట్లు, హెడ్ కానిస్టేబుల్ కేసు కప్పిపెట్టాడన్న మాట.

"సరిగ్గానే రాశాడు మామ్మా. మీరు చెప్పిందే ఉంది."

"మరి ఇచ్చీనా?"

"ఇస్తే ఏమవుతుందో చెప్తాను. చినబాబు మీద కేసు అవుతుంది. వాడి తల పగిలింది కనక వాళ్ళూ మనోజ్ మీద కేసు పెడతారు. మనోజ్ గేట్ పాస్ ఆగిపోతుంది. నరసింగరావు గారి ఉద్యోగం మీదకి వస్తుంది, మైదానం మూసేస్తారు. ఇవ్వకపోతే, మీ మనవడి చెయ్యి కోసినవాడికి ఏ శిక్షా పడదు. రెండూ నిజమే. ఏది మంచిదో నాకు తెలీదు. నేను నోరు జారకపోతే మీకు ఈ తిప్పలు ఉండేవి కావు."

"నోరు జారింది మంచిదే అయింది," అంది పోలమ్మ విసురుగా. "ఊరందరికీ తెల్సు, నాకే తెల్దు. నానేటి మనిషిని కానా?"

వరండాలో ఫైళ్ళు మోసేవాళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నారు. పోలమ్మ కాగితాన్ని మడిచి విప్పింది, విప్పి మడిచింది.

"నువ్వు లెక్క కట్టడానికొచ్చినావు కదా. ఆ మైదానం వల్ల కోతలు తగ్గినాయా? నిజం సెప్పు."

"రాత్రిపూట తగ్గలేదు. సాయంత్రంపూట తగ్గాయి. యాభై రెండు ఉండేవి, పందొమ్మిది అయ్యాయి. అందులో ఎనిమిది మైదానం మూసి ఉన్న ఇరవై రెండు రోజుల్లోనే జరిగాయి."

"మావోడిది?"

"ఆ ఎనిమిదిలోదే మామ్మా."

పోలమ్మ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి, లెక్క కట్టుకుంటున్నట్టు. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చీర కొంగున పెట్టి, గట్టిగా ముడి వేసింది.

"సింపీయను," అంది. "ఒగ్గీసినానని ఎవులూ అనుకోవొద్దు. ఇది నా కొంగున ఉంటాది. ఆ గుంటడు నా గుమ్మంలోకొచ్చి, నా కళ్ళల్లోకి సూసి, నానే కోసినాను అని తెలుగులో సెప్పాల. ఇంకోపాలి ఎవుడి మీదైనా కత్తి ఎత్తినాడంటే ఆ పూటే దుర్గ్ బండి ఎక్కుతాను. నరసింగరావుకి సెప్పు."

* * *

లోపల డీఎస్పీ మేడమ్ స్టేషను జాబితా ఒక చేత్తో, భాగ్యరేఖ రిపోర్టు ఇంకో చేత్తో పట్టుకుంది. హిందీలో, తొణక్కుండా అడిగింది. "మీరు మా అంకెలు వాడలేదు."

"వాడలేదు మేడమ్. క్లాసు నడిపేవాళ్ళ అంకెలతో క్లాసుని తూచకూడదు. గాయాలకి కుట్లేసే ఒక డ్రెస్సర్ పుస్తకం వాడాను. దానికీ లోపాలున్నాయి. పెద్ద గాయాల్లో కొన్ని నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళి ఉండొచ్చు, అవి ఇందులో ఉండవు. క్లాసుకి వచ్చినవాళ్ళు మొదటినుంచీ కాస్త నెమ్మదస్తులై ఉండొచ్చు. కానీ మైదానం మూసినప్పుడు సాయంత్రం కోతలు తిరిగొచ్చాయి. తెరిచాక ఆగిపోయాయి. అంతవరకే చెప్పగలను. ఐదు బస్తీల్లో తెరవమని చెప్పలేను. ఇక్కడ మూయొద్దని చెప్పగలను."

"అరవై నాలుగు కోతలు, తొమ్మిది కేసులు. యాభై ఐదు ఎక్కడున్నాయి? మీరు ఇళ్ళకి వెళ్ళి మాట్లాడారు కదా. ఆ పేర్లివ్వండి."

గోడవారన నిలబడ్డ నరసింగరావు తల వంచుకున్నాడు.

"ఇవ్వను మేడమ్. ఎవరికీ చెప్పనని మాటిచ్చి అడిగాను. ఆ మాట తప్పితే ఈ ఊళ్ళో ఇంకెప్పుడూ ఎవరికీ ఎవరూ నిజం చెప్పరు. మీ తర్వాతి లెక్కలో యాభై ఎనిమిదికి యాభై ఎనిమిది 'బహుత్ అచ్ఛా హై'లే వస్తాయి."

"పేర్లు లేకుండా ఈ రిపోర్టుని ఎలా నమ్మమంటారు?"

అప్పుడు గోడవార నుంచి నరసింగరావు గొంతు వినిపించింది.

"నమ్మొచ్చు మేడమ్. రాయనివి ఉన్నాయి. రాయంది నేనే. కేసు పడితే గేట్ పాస్ రాదని రాయలేదు."

డీఎస్పీ అతని వైపు తిరిగింది. "పేర్లు?"

"యాభై రెండేళ్ళొచ్చాయి మేడమ్. పేర్లు గుర్తుండడం లేదు."

ఎవరో నవ్వబోయి మానుకున్నారు. డీఎస్పీ నవ్వలేదు. కలం తీసి రెండు వాక్యాలు రాసింది. నరసింగరావుని విచారణ పూర్తయ్యేదాకా బస్తీ డ్యూటీ నుంచి తప్పించి దుర్గ్ పోలీస్ లైన్‌కి పంపాలి. క్యాంప్ 2 క్లాసు ఇంకో కానిస్టేబుల్ చేతుల మీద ఆరు నెలలు నడవాలి, ఆరు నెలల తర్వాత డ్రెస్సర్ పుస్తకంతోనే మళ్ళీ లెక్క చూడాలి.

మెట్ల దగ్గర భాగ్యరేఖ అతని కోసం ఆగింది. నరసింగరావే పలకరించాడు.

"మీరు చేసింది తప్పు కాదమ్మా. లైన్‌లో సాయంత్రం నాలుగున్నరకే డ్యూటీ దిగిపోవచ్చట. దుర్గ్ నుంచి క్యాంప్ ఎంత, అరగంట."

ఫోన్ మోగింది. పార్థసారథి. ఐదు బస్తీల సర్వే చేజారిందని తెలిసిపోయినట్టుంది. ఆమె ఎత్తలేదు.

* * *

మూడు వారాల తర్వాత, ఆరు నెలల లెక్క కోసం మొదటిసారి పుస్తకం చూసుకోవడానికి భాగ్యరేఖ క్యాంప్ 2కి వచ్చింది. సాయంత్రం ఆరవుతోంది.

మైదానంలో కొత్త కానిస్టేబుల్ ఈల వేస్తున్నాడు. అతని వెనక, లుంగీ మీద బనీనుతో, ఒరిగిన ముక్కు మనిషి ప్యాడ్లు పట్టుకుని నిలబడ్డాడు. గుద్దులన్నీ అటే పడుతున్నాయి. విచారణ ఇంకా తేలలేదు. మనోజ్ మైదానంలో లేడు. వెరిఫికేషన్ సోమవారమే వెళ్ళింది, గేట్ పాస్ వచ్చింది, ఈ వారం వాడిది బి షిఫ్టు.

మైదానం గట్టున పెయింటు డబ్బా బోర్లించుకుని దాని మీద పోలమ్మ కూర్చుని ఉంది. కొంగు ముడి అలాగే ఉంది. రోజూ ఐదింటికి వచ్చి తొమ్మిదింటిదాకా కూర్చుంటోందట.

"చినబాబు వచ్చాడా మామ్మా మీ గుమ్మంలోకి?"

"వొచ్చినాడు. తెలుగు సరిగ్గా రాదు ఎదవకి. సగం హిందీ కలిపినాడు. మళ్ళీ మొదట్నించి సెప్పించినాను."

"క్షమించారా?"

"నానెందుకు సమిస్తాను? కూకున్నాను, అంతే."

ఇసక సంచి దగ్గరున్న చినబాబు నీళ్ళకని ఇటు వచ్చాడు. "నమస్తే నాన్నమ్మా," అన్నాడు. పోలమ్మ కొంగు ముడిని ఒకసారి చేత్తో తడిమి చూపించింది. వాడు తల దించుకుని, తాగాల్సిన నీళ్ళ కంటే ఎక్కువే తాగి వెళ్ళిపోయాడు.

అక్కణ్ణుంచి ఇంటికి వెళితే చిన్నారావు పుస్తకం తెరిచి పెట్టాడు. మూడు వారాల్లో సి షిఫ్టువి రెండు, ఎ షిఫ్టుది ఒకటి. బి షిఫ్టు గడిలో ప్రతి రోజూ ప్లాంటు పద్ధతిలో ఒకే మాట. నిల్. నిల్. నిల్.

భాగ్యరేఖ ల్యాప్‌టాప్ తెరిచి అంకెలు ఎక్కించింది. ఈ సున్నాలకి కారణం రాయాల్సిన గడి దగ్గర చెయ్యి ఆగింది. మైదానమా? కొత్త కానిస్టేబులా? లుంగీలో వస్తున్న పాత కానిస్టేబులా? పెయింటు డబ్బా మీద కూర్చున్న ముసలామె కొంగున ఉన్న నాలుగు మడతల కాగితమా?

"ఏటి ఆలోచిస్తన్నావు?" అన్నాడు చిన్నారావు, మరిగిన నీళ్ళు పొయ్యి మీంచి దించుతూ.

"ఒక గడి ఉంది బాబాయ్. అందులో పేరు రాయాలి."

"ఒద్దొద్దు," అన్నాడు ఆయన. "పేర్లు రాస్తే రావడం మానీస్తారు."

భాగ్యరేఖ నవ్వింది. ఆ గడి ఖాళీగానే వదిలి, కింద ఇంకో వరస తెరిచి, తర్వాతి వారం తారీఖు వేసింది.